పట్టా కాదు, ప్రమాణపత్రం

*చట్టసభకు పోటీచేసే మనిషికి ఏ అర్హత ఉండాలి? చదువా, వయసా, కేసులు లేకపోవడమా? నామినేషన్‌తో పాటు దాఖలయ్యే ఒక ఫారాన్ని నిదానంగా చదివితే అసలు అడగాల్సింది ఏమిటో తెలుస్తుంది.*

అటెండరు ఉద్యోగానికి పదో తరగతి అడుగుతారు, చట్టాలు చేసే ఎమ్మెల్యేకి ఏ చదువూ అక్కర్లేదా? ఎన్నికలు వచ్చిన ప్రతిసారీ టీకొట్ల దగ్గరా, టీవీ చర్చల్లోనూ వినిపించే ప్రశ్న ఇది. ఈ వారం ముఖచిత్ర కథనానికి అనుకున్న అంశమూ ఇదే: ప్రజాస్వామ్యంలో అభ్యర్థికి ఉండాల్సిన అర్హతలు. రాజ్యాంగం తెరిస్తే జవాబు నాలుగు ముక్కల్లో దొరుకుతుంది. భారత పౌరులై ఉండాలి. లోక్‌సభకు, శాసనసభకు పాతికేళ్లు, రాజ్యసభకు, శాసనమండలికి ముప్పై ఏళ్లు నిండాలి. రాజ్యాంగానికి విధేయంగా ఉంటానని ప్రమాణం చేయాలి. దానికి తోడు ఓటర్ల జాబితాలో పేరుండాలని ప్రజాప్రాతినిధ్య చట్టం అంటుంది. ఇక తీర్పులూ, లా కమిషన్ నివేదికలూ తిరగేసినకొద్దీ అన్నిటికన్నా ఎక్కువ సంగతులు చెప్పింది మాత్రం ఎవరూ అంతగా పట్టించుకోని ఒక కాగితం. దాని పేరు ఫారం 26. 1961 నాటి ఎన్నికల నిర్వహణ నియమావళి ప్రకారం ప్రతి అభ్యర్థీ నామినేషన్‌తో పాటు ప్రమాణం చేసి ఇవ్వాల్సిన అఫిడవిట్ అది. నా వాదన ముందే చెబుతాను. పోటీచేసేవారికి తలుపు ఎంత బార్లా తెరిచి ఉంటే ప్రజాస్వామ్యానికి అంత మేలు. చదువు, పిల్లల సంఖ్య, ఇంట్లో మరుగుదొడ్డి అంటూ ఆ తలుపుకు కొత్త గొళ్లాలు బిగించే అధికారం ఏ ప్రభుత్వానికీ ఉండకూడదు. అందుకు బదులు ఒకే ఒక్క అర్హతను నిక్కచ్చిగా అడగాలి: అభ్యర్థి తన గురించి ఓటరుకు నిజం చెప్పాలి. ఆ నిజాన్ని అడగడం మనం ఇరవై ఏళ్ల కిందటే మొదలుపెట్టాం. అబద్ధం చెబితే పెద్దగా పోయేదేమీ లేకుండా అడిగాం, అదే లోపం.

ఈ ఫారం మొదటినుంచి చివరిదాకా చదవదగ్గది. 'ఎ' భాగం పేరు, తండ్రి లేదా తల్లి లేదా భర్త పేరు, వయసు, చిరునామాతో మామూలుగానే మొదలవుతుంది. ఫోన్ నంబరు, ఈమెయిల్, సోషల్ మీడియా ఖాతాలు చెప్పాలి. తర్వాత పాన్ నంబరు, గత ఐదేళ్ల ఆదాయపు పన్ను రిటర్నుల్లో చూపిన ఆదాయం ఏడాదివారీగా రాయాలి. అభ్యర్థి ఒక్కరిదే కాదు, జీవిత భాగస్వామిది, అవిభక్త హిందూ కుటుంబానిది, తన మీద ఆధారపడినవారిది కూడా. ఆ వెనుక పెండింగులో ఉన్న క్రిమినల్ కేసులు: ఎఫ్‌ఐఆర్ నంబరు, పోలీస్ స్టేషన్, కోర్టు, సెక్షన్లు, నేరం ఏమిటన్నది క్లుప్తంగా, అభియోగాలు నమోదయ్యాయా, అయితే ఏ తేదీన. ఆ తర్వాత శిక్ష పడిన కేసులు. ఈ కేసుల గురించి తనకు టికెట్ ఇచ్చిన పార్టీకి పూర్తిగా చెప్పానని కూడా అభ్యర్థి రాసివ్వాలి. రేపు పార్టీ 'మాకు తెలియదు' అనే వీల్లేకుండా పెట్టిన వాక్యమది. ఏడో అంశం ఆస్తులు. చేతిలో ఉన్న నగదు, బ్యాంకు డిపాజిట్లు, షేర్లు, పోస్టాఫీసు పొదుపు, బీమా పాలసీలు, ఇతరులకిచ్చిన అప్పులు, వాహనాలు (విమానం, ఓడ ఉన్నా చెప్పాల్సిందే), బంగారం ఎంత బరువు, ఎంత విలువ. భూముల దగ్గరికొచ్చేసరికి ఫారం మరీ పట్టుబడుతుంది. ఊరు, సర్వే నంబరు, విస్తీర్ణం, వారసత్వంగా వచ్చిందా కొన్నదా, కొంటే ఏ తేదీన ఎంతకు, దాని మీద పెట్టిన పెట్టుబడి ఎంత, ఇవాళ్టి మార్కెట్ ధర ఎంత. ఎనిమిదో అంశం అప్పులు, ప్రభుత్వ బకాయిలు. గత పదేళ్లలో సర్కారు క్వార్టర్లలో ఉండి ఉంటే అద్దె, కరెంటు, నీళ్లు, టెలిఫోన్ బకాయిలు లేవని చెప్పాల్సిందీ ఇక్కడే. తొమ్మిదిలో వృత్తి, ఆదాయ మార్గాలు, ప్రభుత్వంతో ఉన్న కాంట్రాక్టులు. చదువు పదో అంశం, 'ఎ' భాగంలో ఆఖరిది: ఏం చదివారు, ఎక్కడ, ఏ సంవత్సరంలో పూర్తయింది. టీకొట్టు దగ్గర ముందుగా అడిగే ప్రశ్న ఈ కాగితంలో ఆఖరున ఉంది. అదే సరైన వరుస అని నేను నమ్ముతున్నాను.

ఇంత వివరంగా అడగడం వల్ల చాలా తెలిసింది. 2024లో లోక్‌సభకు గెలిచిన 543 మందిలో 251 మంది, అంటే నూటికి 46 మంది, తమపై క్రిమినల్ కేసులున్నట్టు రాశారని అసోసియేషన్ ఫర్ డెమొక్రటిక్ రిఫార్మ్స్ (ఏడీఆర్) లెక్కతేల్చింది. 2009లో ఈ వాటా 30 శాతం, 2014లో 34, 2019లో 43. గెలిచినవారిలో 504 మంది కోటీశ్వరులు. దేశం మొత్తంలో అందరికన్నా ఎక్కువ ఆస్తి ప్రకటించిన ఇద్దరు ఎంపీలూ తెలుగువాళ్లే. గుంటూరు నుంచి గెలిచిన పెమ్మసాని చంద్రశేఖర్ కుటుంబ ఆస్తి 5,700 కోట్ల పైచిలుకు, చేవెళ్ల నుంచి గెలిచిన కొండా విశ్వేశ్వర్ రెడ్డి కుటుంబానిది 4,500 కోట్ల పైచిలుకు. ఈ అంకెలు ఎవరో తవ్వి తీసినవి కావు, వాళ్లు స్వయంగా రాసి సంతకం పెట్టినవి. ఆస్తి ఉండటం తప్పు కాదు. ఉన్నది ఉన్నట్టు చెప్పినవారికి ఈ ఫారం వల్ల హాని లేదు, ఓటరుకు మాత్రం మేలుంది. గళ్లు ఖాళీగా వదిలేసే అలవాటును 2013 సెప్టెంబరులో రిసర్జెన్స్ ఇండియా కేసులో సుప్రీంకోర్టు మాన్పించింది. రిటర్నింగ్ అధికారి గుర్తుచేశాక కూడా నింపకపోతే నామినేషన్ తిరస్కరించవచ్చంది. అప్పటినుంచి 'లేదు', 'వర్తించదు', 'తెలియదు' అని ఏదో ఒకటి రాయక తప్పడం లేదు. అయినా ఫారంలో ఒక పెద్ద సందు మిగిలే ఉంది. 'ఆధారపడినవారు' అంటే సొంత ఆదాయం లేకుండా అభ్యర్థి మీదే బతికేవారు అని అర్థం చెప్పారు. చేతికందివచ్చి సంపాదిస్తున్న కొడుకు, కోడలు, తమ్ముడు ఈ లెక్కలోకి రారు. మన దగ్గర రాజకీయ కుటుంబాల ఆస్తులు ఎవరెవరి పేర్ల మీద ఉంటాయో తెలిసిన ఓటరుకు ఈ సందు ఎంత పెద్దదో వేరే చెప్పక్కర్లేదు.

ఇక ఆ పెద్ద లోపం సంగతి. అఫిడవిట్‌లో అబద్ధం రాసినా, తెలిసీ దాచినా శిక్ష ఎంతన్నది ప్రజాప్రాతినిధ్య చట్టం 125ఎ సెక్షన్ చెబుతుంది: ఆరు నెలల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. అదే చట్టంలో 8వ సెక్షన్ ఎవరు అనర్హులో చెబుతుంది. అక్కడ పేరుపెట్టి చెప్పిన కొన్ని నేరాలు వదిలేస్తే, రెండేళ్లకు తగ్గని శిక్ష పడితేనే అనర్హత. పేరుపెట్టి చెప్పిన నేరాల్లో 125ఎ లేదు. ఈ రెండు సెక్షన్లనూ పక్కపక్కన పెట్టి చదవండి. ఓటర్లకు ప్రమాణపూర్వకంగా అబద్ధం చెప్పారని కోర్టు తేల్చి, చట్టంలో ఉన్న గరిష్ఠ శిక్ష వేసినా, ఆ శిక్ష కారణంగా ఆ వ్యక్తి పదవి పోదు, మళ్లీ పోటీచేయడానికీ అడ్డు ఉండదు. 2023 మార్చిలో పరువునష్టం కేసులో రెండేళ్ల శిక్ష పడిన మర్నాడే రాహుల్ గాంధీ లోక్‌సభ సభ్యత్వం పోయింది, సుప్రీంకోర్టు స్టే ఇచ్చాక గానీ తిరిగి రాలేదు. ఆ కేసు మంచిచెడ్డలు ఎలా ఉన్నా, ఎన్నికల సభలో అన్న ఒక మాటకు సీటు పోయే దేశంలో, ఓటు అడగడానికి ముందు ప్రమాణం చేసి చెప్పిన అబద్ధానికి పోకపోవడం ఏ న్యాయం? శిక్షను కనీసం రెండేళ్లకు పెంచి, దాన్ని అనర్హత నేరాల జాబితాలో చేర్చాలని 2014 ఫిబ్రవరిలో లా కమిషన్ తన 244వ నివేదికలో సిఫార్సు చేసింది. ఎన్నికల సంఘం కూడా శిక్ష పెంచమనే అడుగుతూ వచ్చింది. సెక్షన్ మాత్రం మారలేదు.

ఎన్నికల పిటిషన్ ఉంది కదా, దాచినవారి ఎన్నికను హైకోర్టు కొట్టేస్తుంది కదా అంటారు. నిజమే, కొట్టేస్తుంది. ఎప్పుడన్నదే ప్రశ్న. ఫలితం వచ్చిన 45 రోజుల్లో పిటిషన్ వేయాలి. తీర్పుకు మాత్రం ఆచరణలో అలాంటి గడువేదీ ఉండదు. తెలంగాణలో 2018 డిసెంబరు 7న శాసనసభ ఎన్నికలు జరిగాయి. కొత్తగూడెం ఎమ్మెల్యే అఫిడవిట్‌లో ఆస్తుల వివరాలు దాచారంటూ వేసిన పిటిషన్ మీద హైకోర్టు ఎన్నిక చెల్లదని తీర్పిచ్చింది 2023 జులై 25న. గద్వాల ఎమ్మెల్యే మీద ఇలాంటి పిటిషన్‌లోనే ఆగస్టు 24న మరో తీర్పు వచ్చింది. రెండింటి మీదా సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. ఆ తర్వాత కొన్ని నెలలకే, నవంబరు 30న, కొత్త శాసనసభకు పోలింగ్ జరిగింది. ఆ ఎమ్మెల్యేలు తప్పు చేశారా లేదా అన్నది ఇక్కడ నా వాదన కాదు. తప్పు చేసి ఉంటే అయిదేళ్లు అనర్హులు పదవిలో ఉన్నట్టు. చేయకపోతే అయిదేళ్లు ఆ మచ్చ మోసినట్టు. రెండు విధాలా ఓటరుకు సకాలంలో జవాబు రాలేదు. 2014లో ఎన్నికల సంఘం ఇలాంటి ఫిర్యాదులుంటే నేరుగా కోర్టుకే వెళ్లమంది. 2020 జూన్‌లో తీరు మార్చుకుని, తీవ్రమైనవాటిని దర్యాప్తు సంస్థలకు పంపుతామంది. పంపడం మంచిదే. ఆ దర్యాప్తు తేలేసరికి ఎన్నికలు మళ్లీ వచ్చేస్తే ఓటరుకు ఒరిగేది తక్కువ.

చరిత్ర గబగబా చెప్పుకుందాం. 1949 మేలో రాజ్యాంగ సభలో అభ్యర్థుల అర్హతల అధికరణం చర్చకు వచ్చినప్పుడు ఎగువసభకు 35 ఏళ్లుండాలన్న ప్రతిపాదనను 30కి తగ్గించే సవరణ తెచ్చింది మన దుర్గాబాయి. సభ ఒప్పుకుంది. ఆ ఏడాది నవంబరు 26న బాబూ రాజేంద్రప్రసాద్ ముగింపు ప్రసంగంలో, చట్టాన్ని అమలు చేసేవారికి పెద్ద అర్హతలు పెట్టి చట్టాలు చేసేవారికి ఏమీ పెట్టలేకపోయామని విచారపడ్డారు. యాభై ఏళ్ల తర్వాత, 1999లో, అహ్మదాబాద్ ఐఐఎం ఆచార్యులు పెట్టిన ఏడీఆర్ ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది. 2002 మే 2న అభ్యర్థుల కేసులు, ఆస్తులు, చదువు వివరాలు ఓటరుకు చెప్పించాలని సుప్రీంకోర్టు ఆదేశించింది. పార్టీలన్నీ ఒక్కటై ఆర్డినెన్స్ తెప్పించాయి. రాష్ట్రపతి అబ్దుల్ కలామ్ ఒకసారి తిప్పిపంపారు, మళ్లీ పంపితే సంతకం పెట్టారు. ఆ ఆర్డినెన్స్ తర్వాత చట్టమైంది. ఆ చట్టంలో కోర్టు ఆదేశాన్ని వమ్ముచేసే 33బి సెక్షన్‌ను 2003 మార్చి 13న సుప్రీంకోర్టు కొట్టేసింది. పిటిషన్ వేసినవారిలో మన లోక్‌సత్తా ఒకటి. తీర్పిచ్చిన ముగ్గురిలో జస్టిస్ పి. వెంకటరామరెడ్డి ఒకరు.

ఇప్పుడు చదువు సంగతి. ఇక్కడ అవతలి పక్షం వాదన తేలిగ్గా తీసిపారేయదగ్గది కాదు, ఎందుకంటే దాన్ని సుప్రీంకోర్టే ఒప్పుకుంది. హర్యానా 2015లో పంచాయతీ ఎన్నికలకు పదో తరగతి తప్పనిసరి చేసింది. మహిళలకు, ఎస్సీలకు ఎనిమిది, వార్డు సభ్యురాలిగా పోటీచేసే ఎస్సీ మహిళలకు అయిదు. దానికి తోడు ఇంట్లో వాడుకలో ఉన్న మరుగుదొడ్డి ఉండాలి, కరెంటు బకాయి, సహకార బ్యాంకు బకాయి ఉండకూడదు. ఆ ఏడాది డిసెంబరు 10న రాజ్‌బాల కేసులో ఈ చట్టం చెల్లుతుందని తీర్పు రాసింది కృష్ణా జిల్లా పెదముత్తేవికి చెందిన జస్టిస్ జాస్తి చలమేశ్వర్. మంచిచెడ్డలు విడమరిచి చూసే శక్తి చదువుతోనే వస్తుందన్నది ఆ తీర్పులోని ఆలోచన. కోర్టు ముందుకొచ్చిన లెక్కల ప్రకారమే హర్యానా పల్లెల్లోని వయోజనుల్లో నూటికి నలభై మందికి పైగా ఆ ఒక్క షరతుతో పోటీకి దూరమయ్యారు. ఆడవాళ్లలో, అందులోనూ ఎస్సీ ఆడవాళ్లలో, ఇంకా ఎక్కువమంది. పద్నాలుగేళ్ల లోపు పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్య పదేళ్లలో అందించాలని రాజ్యాంగం 45వ అధికరణంలో ప్రభుత్వాన్ని అడిగింది. ఆ గడువు 1960తో తీరిపోయింది. బడి కట్టించని ప్రభుత్వమే, బడికి వెళ్లలేదని పల్లె ఆడమనిషిని ఎన్నికలకు దూరం పెడుతోంది. తప్పు ఎవరిది, శిక్ష ఎవరికి? ఆ చట్టానికి ఓటేసిన హర్యానా ఎమ్మెల్యేలకు మాత్రం ఏ చదువు షరతూ లేదు, ఇప్పటికీ లేదు. ఇలాంటి నిబంధనే పెట్టిన రాజస్థాన్ 2019లో దాన్ని ఎత్తేసింది.

చదువురాని సర్పంచ్‌ను కార్యదర్శి మోసం చేస్తాడు, చూపించిన చోటల్లా సంతకం పెట్టిస్తాడు అన్న అభ్యంతరం ఒట్టి మాట కాదు, అలా జరిగిన ఊళ్లున్నాయి. దానికి మందు శిక్షణ, తెలుగులో రాసిన రికార్డులు, గ్రామసభ ముందు లెక్క చదివి వినిపించడం. పోటీకే రాకుండా ఆపడం కాదు. కర్నూలు జిల్లా ఓర్వకల్లు మండలం కాల్వ సర్పంచ్ ఫాతిమా బీ పెద్దగా చదువుకున్న మనిషి కారు. పొదుపు సంఘాలతో ఊరిని నిలబెట్టినందుకు 1998లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ నుంచి పేదరిక వ్యతిరేక పురస్కారం అందుకున్నారు. హర్యానా లాంటి చట్టం అప్పుడు ఇక్కడ ఉండి ఉంటే ఆమె నామినేషనే నిలిచేది కాదు. అటు పార్లమెంటు చూడండి. 2024లో గెలిచినవారిలో నూటికి 77 మంది పట్టభద్రులు, లేదా అంతకన్నా పెద్ద చదువులు చదివినవారు. ఆ సభలోనే 46 శాతం మంది మీద కేసులున్నాయి. చదువు మంచిదే. మనిషిని వడగట్టడానికి మాత్రం అది పనికిరాలేదని ఈ రెండు అంకెలే చెబుతున్నాయి.

తెలుగువాళ్లకు ఇంకా దగ్గరి ఉదాహరణ ఇద్దరు పిల్లల నిబంధన. ఉమ్మడి రాష్ట్రంలో 1994 పంచాయతీరాజ్ చట్టం ఇద్దరికి మించి సంతానం ఉన్నవారు పోటీకి పనికిరారంది. జనాభా పెరుగుతోందన్నది అప్పటి బెంగ. 2003లో జావేద్ కేసులో హర్యానాలోని ఇలాంటి నిబంధనను సుప్రీంకోర్టు సమర్థించింది. మూడేళ్లు తిరక్కుండా హర్యానాయే దాన్ని వదిలేసింది. 2024 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ఎత్తేసింది, 2025లో తెలంగాణ ప్రభుత్వమూ తొలగించే నిర్ణయం తీసుకుంది. ఇప్పుడు బెంగ తిరగబడింది, పిల్లలు తగ్గిపోతున్నారట. దాదాపు ముప్పై ఏళ్లపాటు మూడో బిడ్డ పుట్టినందుకు సర్పంచ్ కాలేకపోయిన మనుషులకు ఆ ముప్పై ఏళ్లు ఎవరు తిరిగిస్తారు? మూడో కాన్పు నిర్ణయం తన చేతిలో లేని ఇల్లాలికి జరిగిన అన్యాయం మాటేమిటి? ఒక కాలంలో మంచి విధానం అనిపించినదాన్ని అభ్యర్థి అర్హతగా మారిస్తే ఏమవుతుందో ఇంతకన్నా స్పష్టమైన సాక్ష్యం నాకు కనిపించలేదు.

పొరుగింటి పాఠం

పాకిస్తాన్‌లో జనరల్ ముషారఫ్ 2002 ఎన్నికలకు ముందు డిగ్రీ లేనివారు చట్టసభలకు పోటీచేయకూడదని ఉత్తర్వు తెచ్చారు. అక్కడి సుప్రీంకోర్టు అప్పుడు సమర్థించింది. జనాభాలో డిగ్రీ ఉన్నవారే బహు తక్కువ. మదరసా పట్టాలను సమానంగా గుర్తించడంతో మతపార్టీల అభ్యర్థులకు దారి దొరికింది. చిరకాలంగా రాజకీయాల్లో ఉన్న ఎందరో పక్కకు తప్పుకోవాల్సొచ్చింది. 2008 ఏప్రిల్‌లో అదే కోర్టు ఆ షరతును కొట్టేసింది. రెండేళ్ల తర్వాత సభ్యుల పట్టాలు పరిశీలిస్తే కొన్ని నకిలీవని తేలి పెద్ద దుమారం రేగింది. చదువు షరతు చదువుకున్న సభను ఇవ్వలేదు, దొంగ పట్టాలకు గిరాకీ పెంచింది. అదే దేశపు రాజ్యాంగంలో సభ్యులు సత్యవంతులు, నమ్మదగినవారై ఉండాలన్న షరతు ఉంది. 2017లో ప్రధాని నవాజ్ షరీఫ్ పదవి పోయింది దాని కిందే. నిజాయితీ లాంటి పెద్ద గుణాన్ని చట్టంలో రాస్తే, ఎవరిలో అది ఉందో తేల్చే అధికారం ఓటరు చేతిలోంచి కోర్టు చేతిలోకి పోతుంది.

---

కేసులున్నవారిని పోటీకి రానివ్వకూడదన్న వాదన అన్నిటికన్నా బలమైనది. ఇప్పుడున్న చట్టం శిక్ష పడ్డాకే అడ్డుకుంటుంది. అప్పీలు వేసుకుని పదవిలో కొనసాగే వెసులుబాటును 2013 జులై 10న లిలీ థామస్ కేసులో సుప్రీంకోర్టు తీసేసింది. అభియోగాలు నమోదైన దశలోనే ఆపాలని అడిగితే, అది పార్లమెంటు చేయాల్సిన పని అని 2018 సెప్టెంబరులో రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. నేను ఈ విషయంలో జాగ్రత్తవైపే ఉంటాను. ప్రభుత్వం మారగానే ఎవరి మీద కేసులు పెరుగుతాయో, ఎవరి మీద తగ్గుతాయో మన రెండు రాష్ట్రాల్లో చూడనివారు లేరు. ఎఫ్‌ఐఆర్ చాలు అంటే ప్రత్యర్థి అభ్యర్థిత్వాన్ని స్టేషన్ హౌస్ ఆఫీసర్ చేతిలో పెట్టినట్టే. అయిదేళ్లు, అంతకుమించి శిక్ష పడే నేరాల్లో జడ్జి అభియోగాలు నమోదు చేశాక ఆపవచ్చని, నామినేషన్ల పరిశీలనకు ముందు ఏడాదిలో దాఖలైన వాటిని మాత్రం లెక్కలోకి తీసుకోకూడదని లా కమిషన్ చేసిన సూచన ఆలోచించదగ్గదే. అంతకన్నా ముందు కావాల్సింది విచారణ త్వరగా ముగియడం. ఎంపీలు, ఎమ్మెల్యేల కేసుల కోసం 2017 డిసెంబరులో సుప్రీంకోర్టు అనుమతించిన ప్రత్యేక కోర్టుల్లో రెండు తెలుగు రాష్ట్రాలకూ ఒక్కొక్కటి వచ్చాయి. అవి త్వరగా తీర్పులిస్తే నిర్దోషి మచ్చ తుడిచిపెట్టుకుంటాడు, దోషి అభ్యర్థుల జాబితాలోంచి పోతాడు.

ప్రజలే తెలిసి గెలిపిస్తున్నప్పుడు ఈ ఫారాల వల్ల ఒరిగేదేమిటని కొందరంటారు. తెలిసి గెలిపించే హక్కు ప్రజలకుంది, దాన్ని నేను కాదనను. అయితే ఎంత తెలిసి? 'ఎ' భాగం పేజీలకు పేజీలు ఉంటుంది, 'బి' భాగం అంతా కుదించి చెబుతుంది. ఓటరుకు చేరేది ఆ కుదించిన అంకెలే. కేసులున్నవారిని ఎందుకు ఎంచుకున్నారో, అవి లేని మరొకరిని ఎందుకు ఎంచుకోలేదో పార్టీలు రాసి ప్రకటించాలని, గెలుస్తాడన్న ఒక్క కారణం చాలదని 2020 ఫిబ్రవరి 13న సుప్రీంకోర్టు ఆదేశించింది. పాటించనందుకు మరుసటి ఏడాది బిహార్ ఎన్నికల విషయంలో కొన్ని పార్టీలకు జరిమానా కూడా వేసింది. ఇక ఏ చట్టంలోనూ రాయని అర్హత డబ్బు. శాసనసభకు డిపాజిట్ పదివేలు, లోక్‌సభకు పాతికవేలు, ఎస్సీ ఎస్టీలకు అందులో సగం. అది పెద్ద మొత్తం కాదు. పెద్ద రాష్ట్రాల్లో అభ్యర్థి ఖర్చు పరిమితి శాసనసభకు 40 లక్షలు, లోక్‌సభకు 95 లక్షలు. టికెట్ ఇచ్చేవాళ్లు ఆ పరిమితిని ఎంత దాటగలరన్నదే చూస్తారని అందరికీ తెలుసు. చదువు కన్నా, వయసు కన్నా ఈ రాయని అర్హతే ఎక్కువమందిని ఆపుతోంది.

ఇన్ని వివరాలు బయటపెట్టించడం అభ్యర్థి సొంత బతుకులో తలదూర్చడం కాదా అన్నది చివరి అభ్యంతరం. అరుణాచల్‌ప్రదేశ్‌లోని తేజు నియోజకవర్గం కేసులో 2024 ఏప్రిల్ 9న సుప్రీంకోర్టు ఇదే అంది: ప్రతి చరాస్తినీ రాయక్కర్లేదు, ఓటరు తెలుసుకునే హక్కుకూ హద్దుంది. ఇంట్లో బట్టలు, పాత్రలు చెప్పక్కర్లేదన్నంతవరకు నాకూ పేచీ లేదు. ఏది ముఖ్యం, ఏది కాదు అన్నది ఎవరు నిర్ణయిస్తారు అన్నచోటే పేచీ. ఇప్పుడు అది అభ్యర్థి ముందు నిర్ణయిస్తాడు, కోర్టు ఏళ్ల తర్వాత సరిచూస్తుంది. మధ్యలో ఓటరు లేడు. నామినేషన్ల పరిశీలనలో రిటర్నింగ్ అధికారి అఫిడవిట్ దాఖలైందా, గళ్లు నిండాయా అని చూస్తాడు, అందులో రాసింది నిజమా కాదా అని విచారించడు. ఆ అధికారం ఆయనకు ఇవ్వమని నేను అడగడం లేదు. ఒక అధికారి అనుమానంతో నామినేషన్ కొట్టేసే రోజు రాకూడదు. అడిగేది వేరు. పాన్ నంబరు ఫారంలోనే ఉంది, ఆదాయపు పన్ను శాఖ దాన్ని సరిపోల్చగలదు. సర్వే నంబర్లు ఫారంలోనే ఉన్నాయి, ఆంధ్రప్రదేశ్‌లో మీభూమి, తెలంగాణలో భూభారతి రికార్డులు కంప్యూటర్‌లోనే ఉన్నాయి. ఎఫ్‌ఐఆర్ నంబర్లు ఉన్నాయి, కోర్టుల వివరాలు ఆన్‌లైన్‌లో ఉన్నాయి. గెలిచిన ప్రతి ఒక్కరి అఫిడవిట్‌నూ ఫలితం వచ్చిన కొద్ది నెలల్లో ఇలా సరిచూసి, తేడాలుంటే ఆ అఫిడవిట్ పక్కనే ప్రకటించాలి. తేడా కావాలని చేసిందని కోర్టు తేలిస్తే 125ఎ కింద పడే శిక్ష సీటు పోయేంతదై ఉండాలి.

కోర్టు ఈ దారి కూడా ఎప్పుడో చూపించింది. 2018 ఫిబ్రవరి 16న లోక్‌ప్రహరి కేసులో, అభ్యర్థి ఆస్తులు చెబితే చాలదు, తనవి, తనవారివి ఆదాయ మార్గాలూ చెప్పాలని, పదవిలో ఉన్నవారి ఆస్తులు ఆదాయానికి మించి పెరుగుతున్నాయేమో ఎప్పటికప్పుడు చూసే శాశ్వత ఏర్పాటు ఉండాలని సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పు రాసిందీ జస్టిస్ చలమేశ్వరే. హర్యానా తీర్పును రాష్ట్రాలు చదువు షరతులకు అండగా చూపించుకోగలిగాయి. ఈ తీర్పు పూర్తిగా ఎందుకు అమలు కాలేదని 2019 మార్చిలో కేంద్ర న్యాయశాఖను సుప్రీంకోర్టే వివరణ అడగాల్సొచ్చింది. ఒకే న్యాయమూర్తి రాసిన రెండు తీర్పుల్లో బడికి వెళ్లలేని ఆడమనిషిని ఆపే తీర్పు వెంటనే అమలైంది. ఆస్తి ఎలా పెరిగిందని పెద్దమనిషిని అడిగే తీర్పు మాత్రం సగంలో ఆగిపోయింది.

ఓటరు చేతికి ఫారం 26

నామినేషన్ వేయగానే అఫిడవిట్ నకలును రిటర్నింగ్ అధికారి కార్యాలయం నోటీసు బోర్డు మీద పెట్టాలి. ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లోనూ, 'నో యువర్ క్యాండిడేట్' యాప్‌లోనూ అది దొరుకుతుంది. 'బి' భాగంలోని మొత్తం అంకెలతో ఆగకుండా 'ఎ' భాగం చదవండి. కిందటి ఎన్నికలోనూ ఆ అభ్యర్థి పోటీచేసి ఉంటే పాత అఫిడవిట్ కూడా తెరిచి రెండూ పక్కన పెట్టుకోండి. ఐదేళ్ల రిటర్నుల ఆదాయం మొత్తం కలిపితే ఎంత, అదే అయిదేళ్లలో ఆస్తి పెరిగింది ఎంత, అప్పు పెరిగింది ఎంత అన్నది కూడికలు, తీసివేతలు వచ్చిన ఎవరైనా చూడగలరు. భూముల ధర పెరిగితే ఆస్తి పెరుగుతుంది కాబట్టి, కొత్తగా కొన్నవాటి తేదీలు, ధరలు విడిగా చూడాలి. కేసుల దగ్గర సంఖ్య కన్నా సెక్షన్లు, అభియోగాల తేదీ ముఖ్యం. ధర్నా చేసినందుకు పెట్టిన కేసూ, హత్యాయత్నం కేసూ ఒక్కటి కావు. అభ్యర్థి రాసింది తప్పని ఆధారం మీ దగ్గరుంటే మీరూ ప్రమాణం చేసి ఎదురు అఫిడవిట్ దాఖలు చేయవచ్చు. దాని నకలును కూడా అదే నోటీసు బోర్డు మీద పెట్టాలని ఎన్నికల సంఘం ఆదేశాలున్నాయి.